వంతెనని పక్కకి జరిపేస్తారట! పిట్స్‌బర్గ్‌లో మామయ్యగారితో ఒక ఆదివారం

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఈ వారం మాల్ లేదు, గ్రోసరీ హాల్ కూడా లేదు. మా మామయ్యగారు ఆర్ అండ్ బీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారని పాత వీడియోలు చూసినవాళ్ళకి తెలుసు. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి మ్యూజియం అంటే "చూద్దాంలే అమ్మా" అంటున్నారు, వంతెన అంటే మాత్రం అందరికంటే ముందు బూట్లేసుకుని గుమ్మంలో నిలబడుతున్నారు. పిట్స్‌బర్గ్‌లో వంతెనలు 446 అని చెబుతారు. ఇంకేం, ఆయనకి కాలక్షేపానికి లోటే లేదు.

మేముండేది మన్రోవిల్. ఊళ్ళోకి వెళ్ళాలంటే పార్క్‌వే ఈస్ట్ ఎక్కాల్సిందే, అంటే 376 హైవే. స్క్విరల్ హిల్ టన్నెల్ కనబడగానే ఈ ఊరి జనానికి ఏమవుతుందో గానీ, ఖాళీ రోడ్డు మీద కూడా బ్రేకు తొక్కేస్తారు. ఆ టన్నెల్‌కి కాస్త ముందు దాటేదే కమర్షియల్ స్ట్రీట్ బ్రిడ్జ్. కారులో పోతుంటే అది వంతెన అని కూడా తెలియదు. 1951లో కట్టారు, 1953లో తెరిచిన టన్నెల్ కంటే వయసులో పెద్దది. రోజూ దాదాపు లక్ష వాహనాలు దాని మీదుగా పోతాయి. కింద ఫ్రిక్ పార్కు, అందులో నైన్ మైల్ రన్ అనే వాగు.

పని జరిగే చోటికి వెళ్ళనివ్వరు కాబట్టి పార్కు కాలిబాట మీద నడిచి దూరం నుంచే చూశాం. వాగు చూసి మామయ్యగారు "దీనికా ఇంత వంతెన?" అని నవ్వేశారు. నిజమే, చీర కాస్త ఎత్తిపట్టుకుని దాటేయొచ్చు. కానీ లోయ లోతు. ఒకప్పుడు ఈ వాగు పక్కనే ఉక్కు మిల్లుల స్లాగ్, అంటే ఉక్కు తీశాక మిగిలే చిట్టెం, గుట్టలుగా పోశారు. తర్వాత ఆర్మీ ఇంజినీర్లూ, సిటీవాళ్ళూ కలిసి 2006 కల్లా వాగుని మళ్ళీ బాగుచేశారు.

ఇక అసలు విషయం. పాత వంతెన పక్కనే, తాత్కాలిక స్తంభాల మీద, కొత్త వంతెన కడుతున్నారు. ఈ వేసవిలో, అంటే 2026 జూలైలో, హైవేని సుమారు 25 రోజులు పూర్తిగా మూసేసి, పాతదాన్ని పేలుడు పదార్థాలతో కూల్చి, కొత్తదాన్ని హైడ్రాలిక్ జాకీలతో దాని చోటులోకి జరుపుతారు. ప్లాన్ అదీ. బీరువా జరిపినంత తేలిగ్గా చెప్పేశాను గానీ, మామయ్యగారైతే ఆ స్తంభాల వంక చూస్తూ పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట: "బేరింగుల మీద సరిగ్గా కూర్చోవాలి. మిల్లీమీటర్ల లెక్క అమ్మా."

మన దగ్గరైతే ఏం చేస్తాం? వాగులో తూములు వేసి, పైన మట్టి పోసి డైవర్షన్ రోడ్డు వేస్తాం. మొదటి వరదకి అది కొట్టుకుపోతుంది, మళ్ళీ వేస్తాం. ఈయన సర్వీసంతా అదే చూశారు. ఇక్కడ లక్ష వాహనాలకి డైవర్షన్ వేసే చోటే లేదు. సగం సగం లేన్లు మూస్తూ కడితే ఏళ్ళ తరబడి నరకం. వాట్సాప్ గ్రూపులో అందరూ 25 రోజులకే గగ్గోలు పెడుతున్నారు గానీ, నన్నడిగితే ఇది చవక బేరం.

ఎందుకంటున్నానో చూపించడానికే అక్కడి నుంచి ఫోర్బ్స్ అవెన్యూకి తీసుకెళ్ళాను. అదే ఫ్రిక్ పార్కు, పైన ఇంకో లోయ, ఫెర్న్ హాలో. అక్కడి వాగు వచ్చి నైన్ మైల్ రన్‌లోనే కలుస్తుంది. 2022 జనవరి 28న తెల్లవారుజామున, మంచు కురిసిన రోజు, ఆ వంతెన మొత్తం కూలిపోయింది. మీద ఒక పొడవాటి సిటీ బస్సు, కొన్ని కార్లు. దెబ్బలు తగిలాయి గానీ దేవుడి దయవల్ల ఎవరూ చనిపోలేదు. రోడ్లూ వంతెనల గురించే మాట్లాడటానికి ప్రెసిడెంట్ బైడెన్ ఆ రోజే ఈ ఊరికి వస్తున్నారు, చూడండి!

అది వాతావరణాన్ని తట్టుకునే రకం ఉక్కు. పైన పట్టే తుప్పే పొరలా నిలిచి లోపలి ఉక్కుని కాపాడుతుంది. డౌన్‌టౌన్‌లో గోధుమరంగు యూఎస్ స్టీల్ టవర్ ఉంది కదా, దానిదీ ఆ ఉక్కే. కానీ ఒక షరతు: తడిసినా మళ్ళీ ఆరాలి. ఈ వంతెన మీద డ్రెయిన్లు ఆకులూ చెత్తతో పూడుకుపోయి, రోడ్డు మీద చల్లిన ఉప్పు కలిసిన నీళ్ళు కారి, వంతెనని మోసే ఉక్కు కాళ్ళ దగ్గర చేరాయి. ఉక్కు ఆరనే లేదు. ఒక కాలులోని ప్లేటు తుప్పు తినేసి తెగింది, వంతెన పడిపోయింది. తనిఖీల్లో ఏటా రాస్తూనే వచ్చారు, చేయాల్సిన పని మాత్రం చేయలేదు. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ, అంటే ఇక్కడ రవాణా ప్రమాదాల మీద దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ, 2024లో తేల్చింది ఇదే.

ఇదంతా చెబితే మామయ్యగారికి కోపం వచ్చేసింది. "స్పౌట్లు శుభ్రం చేయడానికి ఇంజినీరెందుకు? ఒక మనిషి, ఒక గునపం చాలు!" అన్నారు. 25.3 మిలియన్ డాలర్లతో అదే చోట కట్టిన కొత్త కాంక్రీటు వంతెన ఏడాది తిరక్కుండానే, 2022 డిసెంబర్‌లో తెరిచారు. దాని ఫుట్‌పాత్ మీద ఆయన అంచు వెంబడే నడుస్తూ, ప్రతి డ్రెయిన్ దగ్గరా ఆగి వంగి చూశారు. ఒకచోట నాలుగు ఆకులు కనబడితే కాలితో తోసేశారు కూడా. పక్కన జాగింగ్ చేస్తున్నావిడ హలో చెప్పి వెళ్ళిపోయింది.

జూలైలో ఎయిర్‌పోర్టు నుంచి మన్రోవిల్ వైపు వచ్చేవాళ్ళకి ఒక మాట. ఊళ్ళో వీధుల్లో చిక్కుకునే బదులు, 79 హైవే ఎక్కి క్రాన్‌బెర్రీ దగ్గర టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు పట్టుకోండి, మన్రోవిల్ ఎగ్జిట్ 57లో దిగిపోవచ్చు. టోల్ పడుతుంది, చుట్టూ తిరగాలి, కానీ టెన్షన్ ఉండదు. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చేవాళ్ళకీ అదే దారి పనికొస్తుంది.

మా ఇంట్లో మాత్రం గొడవ ఇంకా తేలలేదు. అత్తయ్యగారూ మామయ్యగార్ల రిటర్న్ టికెట్లు జూన్ ఆఖరుకి. వంతెన జరిపేది చూడకుండా విమానం ఎక్కనని మామయ్యగారు, శ్రావణమాసానికి ఇంట్లో ఉండాల్సిందేనని అత్తయ్యగారు. టికెట్లు మార్చడానికి ఎంతవుతుందో మా ఆయన చూస్తున్నారు.