ఏపీ పరీక్ష ఫీజు కట్టే ముందు చేరబోయే కాలేజీ ఏమిస్తుందో చూడండి

నమస్తే అండీ. అమెరికాలో పిల్లలు హైస్కూల్లో ఉన్న మనవాళ్ల ఇళ్లకి ఏటా నవంబరు గడువుకి ముందు స్కూలు నుంచి ఒక మెయిల్ వస్తుంది, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్షలకి, అంటే హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలకి, డబ్బు కట్టమని. ఒక్కో పేపరుకి దాదాపు 100 డాలర్లు. పక్కింటి పిల్లాడు ఆరు రాస్తున్నాడని మనమూ ఆరు కట్టడం సరైన లెక్క కాదు.

ఏపీ క్లాసు వేరు, మే నెలలో కాలేజ్ బోర్డ్ పెట్టే పరీక్ష వేరు. అడ్మిషన్లవాళ్లు ముందు చూసేది క్లాసునీ, అందులో వచ్చిన గ్రేడునీ. పన్నెండో తరగతి మేలో రాసే పరీక్షకి స్కోరు వచ్చేది జూలైలో. అప్పటికి సీటు ఖాయమైపోయి ఉంటుంది. కాబట్టి ఆ ఏడాది రాసేది క్రెడిట్ కోసమే, అంటే కాలేజీలో ఆ కోర్సు చదివేసినట్టు లెక్క కట్టడం కోసమే. క్రెడిట్ ఇవ్వని కాలేజీకి వెళ్తుంటే ఆ పరీక్షతో పెద్దగా పనిలేదు.

ఎవరు ఇస్తారు మరి? టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా సబ్జెక్టులకి 3 వచ్చినా (స్కోరు 1 నుంచి 5 దాకా ఇస్తారు) క్రెడిట్ ఉంటుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ కూడా 3 నుంచి యూనిట్లు (క్రెడిట్లే) ఇస్తుంది. ఎమ్ఐటీలో క్యాలిక్యులస్ బీసీకి (ఏపీ క్యాలిక్యులస్ పేపర్లు రెండింటిలో పెద్దది) 5 వస్తేనే మొదటి క్యాలిక్యులస్ కోర్సు తప్పుతుంది, కెమిస్ట్రీకి 5 వచ్చినా క్రెడిట్ లేదు. కాల్‌టెక్, డార్ట్‌మత్ అసలు క్రెడిట్ ఇవ్వవు. కాలేజీ సైటులో ఏపీ క్రెడిట్ పట్టిక తెరిచి, ఏ స్కోరుకి ఏ కోర్సు నంబరు ఇస్తున్నారో చూడండి. "ఎలెక్టివ్" (ఐచ్ఛిక కోర్సు) అని మాత్రమే ఉంటే మీ పిల్లల మేజర్‌లో ఒక్క కోర్సు కూడా తగ్గకపోవచ్చు. మెడిసిన్ వైపు వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త. కొన్ని మెడికల్ స్కూళ్లు బయాలజీ, కెమిస్ట్రీలకి ఏపీ క్రెడిట్ ఒప్పుకోవు, కాలేజీలోనే చదివి రమ్మంటాయి.

క్రెడిట్ వచ్చినా వాడుకోవాలా అన్నది ఇంకో ప్రశ్న. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. క్యాలిక్యులస్ ఏబీలో (రెండింటిలో చిన్న పేపరు) 4 వచ్చిందని ఇంజినీరింగ్ పిల్లలు నేరుగా క్యాలిక్యులస్ 2లో కూర్చుంటారు. ఏబీ సిలబస్‌లో ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ లేదు, సిరీస్ లేదు. సబ్‌స్టిట్యూషన్ చేతికి బాగా వచ్చేసి ఉంటుందనుకునే ఆ క్లాసు మొదలవుతుంది. మే నుంచి ఆగస్టు దాకా పెన్ను పట్టకపోతే అదీ జారిపోతుంది. పైగా ఏపీలో కొంత భాగానికి కాలిక్యులేటర్ ఇస్తారు. చాలా కాలేజీ పరీక్షల్లో ఇవ్వరు. చేరబోయే కాలేజీ క్యాలిక్యులస్ 1 ఫైనల్ పాత పేపరు దొరికితే, జూలైలో గడియారం పెట్టి, కాలిక్యులేటర్ లేకుండా రాయించండి. సగం దగ్గరే ఆగిపోతే ఆ కోర్సు మళ్లీ చదవడమే మేలు. మొదటి సెమిస్టర్‌లో సీ గ్రేడు వస్తే పడే నష్టం, ఆ కోర్సు ఫీజు మిగిలిన లాభం కంటే పెద్దది.

తేల్చుకోలేకపోతే నవంబరు గడువులోపే పేరు ఇచ్చేయండి. గడువు దాటి ఇస్తే అదనంగా 40 డాలర్లు. ఇచ్చి తర్వాత మానుకుంటే కాలేజ్ బోర్డ్ తీసుకునేది 40 డాలర్లే, మిగతాది స్కూలు వెనక్కి ఇస్తుందా అన్నది ముందే స్కూల్లో కనుక్కోండి. పరీక్ష రాయకపోతే ఆ క్లాసుకి జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలిపే అదనపు వెయిటేజీ తీసేసే స్కూళ్లూ ఉన్నాయి, అదీ అడగండి. మార్చిలో ఒక పాత పేపరు పూర్తిగా రాయించి అప్పుడు నిర్ణయించుకోవచ్చు. జేఈఈలోలా ఇందులో నెగెటివ్ మార్కులు లేవు, ఆబ్జెక్టివ్ ప్రశ్న ఒక్కటి కూడా ఖాళీగా వదలనివ్వకండి.

పరీక్ష రాశాక, జూన్ 20లోపు ఒక కాలేజీకి స్కోర్లు ఉచితంగా పంపే అవకాశం ఉంటుంది. పన్నెండో తరగతి వాళ్లయితే అక్కడ చేరబోయే కాలేజీ పేరే పెట్టండి.