కొండ మీది చెరువులో ఓడలు

సభాధ్యక్షులకు, నన్ను పిలిచిన మిత్రులకు, ఈ ఎండలో శ్రమపడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ప్రపంచ వాణిజ్యంలో కాలువల పాత్ర గురించి మాట్లాడమన్నారు. పనామా కాలువతో మొదలుపెడతాను. దాన్ని దాటి ముందుకు వెళ్తానని మాట ఇవ్వలేను. 2023లో అక్కడ గడిపిన పద్దెనిమిది రోజులు నన్నింకా వదల్లేదు.

అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాల మధ్య తవ్విన గండి అది అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎత్తున ఉన్న చెరువు. చాగ్రెస్ నదికి గాటూన్ దగ్గర ఆనకట్ట కట్టి, సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తున నీళ్లు నిలిపారు. 1914 నుంచి ఓడలు ఒక వైపు మెట్లెక్కి, చెరువు దాటి, రెండో వైపు దిగుతున్నాయి. ఆ మెట్లే లాక్‌లు. ఓడను లేపడానికి పంపులు లేవు. పై నీళ్లు వాటంతటవే కిందికి పారి తొట్టి నింపుతాయి, ఓడ పైకి లేస్తుంది. ఒక్క ఓడ దాటితే సుమారు 20 కోట్ల లీటర్లు సముద్రం పాలవుతాయి. మంచినీళ్లండీ! ఆ దేశంలో సగానికి పైగా జనం తాగేది ఆ కాలువ జలాశయాల నీళ్లే. సముద్రపు నీళ్లు ఎక్కించవచ్చుగా అంటారు. చెరువులో ఉప్పు చేరితే వాళ్లు ఏం తాగాలి?

2023లో ఎల్ నినో వచ్చి వానలు ముఖం చాటేశాయి. 1950 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి అక్టోబరు లేదు. రోజుకు 36 దాకా వెళ్లే ఓడల్ని తగ్గిస్తూ, 2023 డిసెంబరుకి 22కి తెచ్చారు. పెద్ద ఓడలు నీటిలో 50 అడుగుల లోతు దాకా మునగవచ్చన్న హద్దును 44కి దించారు. అంటే సరుకు తగ్గించుకుని రమ్మని. వరుస తప్పించుకోవడానికి ఒక కంపెనీ, ముందుగా దాటే వంతు కోసం జరిగిన వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు కట్టింది.

మా ఓడకు ముందస్తు బుకింగ్ లేదు. ఆగస్టులో పసిఫిక్ వైపు లంగరేశాం. చుట్టూ ఎటు చూసినా ఓడలే. నేను చీఫ్ ఇంజినీర్‌ని, ఓడలో నీళ్ల లెక్క నాది. సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే మా యంత్రం మెయిన్ ఇంజిన్ వేడితో నడుస్తుంది. లంగరేస్తే ఇంజిన్ ఆగుతుంది, నీళ్లూ ఆగుతాయి. వారం తిరక్కుండానే కుళాయిలు పూటకు అరగంటే వదిలాను. ఇంజిన్ రూంలో చెమటోడ్చి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడు స్నానానికి ఒక్క బకెట్ ఇమ్మని అడిగితే కాదన్నాను. చెప్పండి, మీలో ఎవరైనా కాదనగలరా? నాకు వేరే దారి లేదు.

తర్వాత పత్రికల్లో చూస్తే అంతా సరుకు ఆలస్యం, కంపెనీల నష్టం. తాగేవాళ్ల గురించి ఎక్కడో చివర ఒక్క లైన్. నా బాధ అదే.

2016లో తెరిచిన కొత్త లాక్‌లు పక్క తొట్లలో నీళ్లు నిలిపి, 60 శాతం మళ్లీ వాడుతాయి. మంచి పనే. అయినా చాలక ఇప్పుడు ఆ దేశంలోనే ఉన్న ఇండియో నది మీద ఇంకో ఆనకట్ట అంటున్నారు. దానికి రెండు వేల మందికి పైగా ఊళ్లు వదలాలి. అక్కడి రైతులు వద్దంటూ పోరాడుతున్నారు. దయచేసి ఆ వార్తలు వెతికి చదవండి.

టైం అయిందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం. పందొమ్మిదో రోజు మాకు వంతు వచ్చింది. గాటూన్ చెరువులో నీళ్లు తగ్గి, వందేళ్ల కిందట మునిగిన అడవి మోళ్లు పైకి తేలి కనిపించాయి. చివరి లాక్‌లో మా ఓడ దిగుతుంటే ఆ కుర్రాడు రైలింగ్ పట్టుకుని, గోడ వెంట దిగిపోతున్న నీళ్లనే చూస్తూ నిలబడ్డాడు. "ఇవి మంచినీళ్లేనా సార్?" అన్నాడు. అవునన్నాను. అప్పటికి మా కుళాయిలు ఇంకా కట్టేసే ఉన్నాయి.