లాగిన్ అయ్యాక కూడా మళ్లీ లాగిన్ ఎందుకు అడుగుతుంది?

[బిర్లా మందిర్ మెట్ల దగ్గర డిపాజిట్ కౌంటర్]

నమస్తే అండీ. బిర్లా మందిర్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కదా, కింద కౌంటర్లో ఇస్తే టోకెన్ చేతిలో పెడతారు. తిరిగొచ్చాక ఎవరి చేతిలో ఆ టోకెన్ ఉంటే వాళ్లకే ఫోన్.

వెబ్ సెషన్ కూడా ఇంతే. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ. దానికి మహా మతిమరుపు, ఒక క్లిక్ తర్వాత ఇంకో క్లిక్‌కి మనల్ని గుర్తుపట్టదు. అందుకే లాగిన్ అవగానే సర్వర్ ఒక పొడుగాటి నంబర్‌ని కుకీలో, అంటే బ్రౌజర్ దాచుకునే చిన్న చీటీలో, పెట్టి ఇస్తుంది. ఆ తర్వాత బ్రౌజర్ ప్రతిసారీ దాన్నే చూపిస్తుంది.

ఒకప్పుడు చాలా సైట్లలో లాగిన్ పేజీకి మాత్రమే హెచ్‌టీటీపీఎస్, అంటే తాళం వేసిన హెచ్‌టీటీపీ, ఉండేది. పాస్‌వర్డ్ భద్రం, టోకెన్ మాత్రం నడిబజార్లో! 2010లో ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చి, ఓపెన్ వైఫైలో పక్క టేబుల్ వాళ్ల కుకీ పట్టుకుని వాళ్ల అకౌంట్లోకి దూరడం ఎంత తేలికో చూపించింది. ఇరానీ చాయ్ చల్లారేలోపు పని అయిపోయేది.

[స్క్రీన్ మీద: సెట్-కుకీ: జేసెషన్‌ఐడీ=48219…; సెక్యూర్; హెచ్‌టీటీపీఓన్లీ]

‘సెక్యూర్’ అని ఉందా, హెచ్‌టీటీపీఎస్ కాని దారిలో బ్రౌజర్ ఆ కుకీని బయటికే తీయదు. పక్కనున్న ‘హెచ్‌టీటీపీఓన్లీ’ వేరే సంగతి, పేజీలోని స్క్రిప్టులకు కుకీ కనబడకూడదని.

మాదాపూర్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది ఇదే. లాగిన్ అవుతోంది, ‘హోమ్’ నొక్కగానే కార్ట్ ఖాళీ. “టైమవుట్ పెంచి చూడు” అన్నారు మా లీడ్. పెంచాను, ఏం లాభం లేదు. చివరికి చూస్తే ఆ హోమ్ లింక్ పాత హెచ్‌టీటీపీతో ఉంది.

జరిగింది ఇదీ. హెచ్‌టీటీపీఎస్‌లో మొదలైన సెషన్ కుకీకి మేం వాడే జావా సర్వర్ టామ్‌క్యాట్ తనంతట తానే సెక్యూర్ తగిలిస్తుంది. హోమ్ నొక్కితే మామూలు దారి, కుకీ వెళ్లదు. ఎవరో కొత్త మనిషి అనుకుని సర్వర్ అదే పేరుతో ఇంకో కుకీ ఇస్తుంది. ఇప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దాన్ని తీసుకోవు: సెక్యూర్ కుకీని మామూలు దారిలో వచ్చిన కుకీతో మార్చనివ్వవు. దాంతో క్లిక్కు క్లిక్కుకీ కొత్త సెషనే. లాగ్ నిండా పుట్టగొడుగులు!

ఇలాంటప్పుడు సెక్యూర్ తీసేసి చేతులు దులుపుకునేవాళ్లున్నారు. దయచేసి వద్దు. సైట్ మొత్తం హెచ్‌టీటీపీఎస్‌కి మార్చి, ఇకపై హెచ్‌టీటీపీఎస్‌లోనే రమ్మని బ్రౌజర్‌కి చెప్పే హెచ్‌ఎస్‌టీఎస్ హెడర్ పెట్టండి. లాగిన్ అయ్యాక సెషన్ నంబర్ కూడా మార్చాలి, దాని గురించి ఇంకో వీడియోలో.

[క్రోమ్ డెవ్‌టూల్స్, అప్లికేషన్ ట్యాబ్, కుకీస్]

మీ సైట్‌లో సెక్యూర్ కాలమ్‌లో టిక్ లేదా? ముందు లోడ్ బ్యాలెన్సర్‌ని, అంటే వచ్చే రిక్వెస్టుల్ని సర్వర్లకి పంచేదాన్ని, అనుమానించండి. హెచ్‌టీటీపీఎస్ అక్కడే విప్పేసి లోపలికి మామూలుగా పంపిస్తే, టామ్‌క్యాట్‌కి ఆ సంగతే తెలియదు. బయటి నుంచి ఏ దారిలో వచ్చిందో చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ వస్తోందా, టామ్‌క్యాట్‌లో దాన్ని చదివే రిమోట్‌ఐపీవాల్వ్ సెట్ చేశారా, ఆ రెండూ చూడండి.