సంక్రాంతి: పంట ఇంటికి వచ్చాక పంపకాల పండుగ

[దృశ్యం: తెల్లవారుజాము, పొగమంచు కమ్మిన వీధి. దూరం నుంచి చిడతల చప్పుడు.]

వ్యాఖ్యానం:
నమస్కారం. ధనుర్మాసం నెలంతా పొద్దున్నే వీధిలోకి హరిదాసు వస్తాడు. తల మీద పూలదండ చుట్టిన పాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబుర. ఎవరితోనూ మాట్లాడడు, కీర్తన ఆపడు. ఇంట్లోంచి చిన్నపిల్ల దోసిట్లో బియ్యం తెస్తే, ఆ చేతులకు పాత్ర అందేలా మోకాలి మీద వంగుతాడు. బియ్యం పడగానే లేచి ముందుకు సాగుతాడు. ఆ పాత్రను అక్షయపాత్ర అంటారు. ఇల్లు చేరేదాకా దాన్ని నేల మీద పెట్టడు.

సంక్రాంతి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ దోసెడు బియ్యమే. కొత్త పంట గడప లోపలికి వచ్చింది. మనం తినే ముందు ఎవరి వాటా వారికి ఇచ్చే పండుగ ఇది.

[దృశ్యం: ఆకాశం, రాశిచక్రం బొమ్మ.]

వ్యాఖ్యానం:
ముందు తేదీ సంగతి చూద్దాం. సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశిలోకి మారడాన్ని సంక్రమణం అంటారు. ఇవి ఏడాదికి 12. మకర రాశిలోకి వచ్చే రోజు మకర సంక్రాంతి. సూర్యుడి నడకే లెక్క కాబట్టి దసరా, దీపావళిలా ఏటా తేదీ మారిపోదు. జనవరి 14న గానీ, 15న గానీ వస్తుంది.

సూర్యుడు ఉత్తరానికి మళ్లే వేళ అని దీన్నే ఉత్తరాయణ పుణ్యకాలం అంటాం. కానీ పగటి పొద్దు పెరగడం డిసెంబరు 22 ప్రాంతంలోనే మొదలవుతుంది కదా? నిజమే. భూమి అక్షం తిరిగే బొంగరంలా చాలా నెమ్మదిగా ఊగుతుంది. అందువల్ల రుతువుల లెక్కకూ నక్షత్రాల లెక్కకూ మధ్య దాదాపు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతూ వస్తోంది. సుమారు 1,700 ఏళ్ల కిందట పొద్దు పెరగడం మొదలయ్యే రోజూ, మకర సంక్రాంతీ ఒకే రోజున పడేవి. మన పంచాంగం నక్షత్రాల లెక్కనే పట్టుకుని వస్తోంది.

[దృశ్యం: భోగి మంట. తర్వాత, పిల్లల తల మీద నుంచి జారుతున్న రేగుపళ్లు.]

వ్యాఖ్యానం:
మొదటి రోజు భోగి. పాత చెక్కసామాను, పిల్లలు దండగా గుచ్చిన చిన్న చిన్న పిడకలు మంటలో పడతాయి. సాయంత్రం పసివాళ్లకు రేగుపళ్లు, పూలరేకులు, చిల్లర నాణేలు కలిపి దిష్టి తీసి, తల మీదుగా పోస్తారు.

[దృశ్యం: అరిసెల పాకం, దగ్గరగా.]

వ్యాఖ్యానం:
ఇక వంటింటికి వెళ్దాం. కొత్త బియ్యంతో అన్నం వండితే ముద్దవుతుంది. అందుకే రోజువారీ అన్నానికి పాతబియ్యం కావాలంటారు. పొంగలికీ పిండివంటలకూ మాత్రం ఆ కొత్తదనమే బలం. అరిసెలకు బియ్యం నానబెట్టి, తడి ఆరకుండానే పిండి కొట్టి జల్లిస్తారు. బెల్లం పాకాన్ని నీళ్లలో ఒక చుక్క వేసి వేళ్లతో చూస్తారు. మెత్తగా ఉండ కట్టిందంటే పాకం వచ్చినట్టే. కాస్త ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. ఆ క్షణం పట్టుకోవడానికే ఇంట్లో పెద్దావిడ పొయ్యి పక్కన కూర్చుంటుంది. తెలంగాణ ఇళ్లలో ఇదే కొత్త బియ్యప్పిండి నువ్వులు, వాముతో కలిసి సకినాలవుతుంది. పరిచిన గుడ్డ మీద చేత్తో చుట్లు తిప్పుతూ పోయడం చూసి తీరాల్సిన పనితనం.

చేసినవి ఇరుగుపొరుగుకు పంచనిదే ఆ వంట పూర్తయినట్టు కాదు. సంక్రాంతి రోజున చాలా ఇళ్లలో గతించిన పెద్దలను తలుచుకుని కొత్త బట్టలు పెడతారు, గుమ్మడికాయ, బియ్యం దానం ఇస్తారు. పెద్ద పండుగ అనే పేరు విన్నప్పుడల్లా నాకు ఆ పెద్దలే గుర్తొస్తారు.

[దృశ్యం: చూరుకు వేలాడుతున్న వరికంకుల కుచ్చు, దాని మీద పిచ్చుకలు.]

వ్యాఖ్యానం:
ఈ కుచ్చును చూడండి. కోతల వేళ మంచి కంకులు ఏరి, జడలా అల్లి, చూరుకో గుడి మండపానికో కడతారు. పిచ్చుకల వాటా అది. పురుగులను ఏరి తిని పైరును కాపాడిన పిట్టకు ఆ మాత్రం ఇవ్వడం న్యాయమే కదా! ఇప్పుడు చూరు లేని ఇళ్లు ఎక్కువ. బాల్కనీలో కట్టినా పిట్టలు వస్తాయి, దయచేసి కట్టండి.

కనుమ పశువులది. ఆ రోజు ఎడ్లను కాడి కట్టరు. కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గజ్జెలు కట్టి పొంగలి తినిపిస్తారు. మనుషులకు మినపగారెలు. కనుమ నాడు మినుము తినాలని సామెత ఉండనే ఉంది. ప్రయాణాలు పెట్టుకోరు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు.

[దృశ్యం: చీకటి విడుతున్న వాకిలి. పిండితో ముగ్గు వేస్తున్న చేతులు.]

వ్యాఖ్యానం:
పండుగను సాగనంపే రోజున వాకిట్లో రథం ముగ్గు వేస్తారు. వేసేది బియ్యప్పిండితోనైతే చీమలకూ వాటా అందినట్టే. రథం పూర్తయ్యాక దానికి తాడులా ఒక గీత గీసి, పక్కింటి ముగ్గు దాకా లాగుతారు. ఆ ఇల్లాలు అక్కడి నుంచి అందుకుని ఆ పై ఇంటి దాకా తీసుకెళ్తుంది.

[దృశ్యం: ఇంటింటినీ కలుపుకుంటూ వీధి చివరి దాకా సాగే తెల్లని గీత.]