వాపా, బలుపా?

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది చేతిలో నేను ఏదో ఒక ఆటలో ఓడిపోయినవాణ్నే. అందుకని గెలిచే కిటుకులు చెప్పమంటే నాకు టెన్షన్. ఓటమి గురించైతే ధీమాగా మాట్లాడగలను. అందులోనూ ఒక రకం ఓటమిలో నాది అందె వేసిన చెయ్యి. మ్యాప్ మీద అందరికంటే పెద్ద రాజ్యం నాదే అయివుండి, రెండు మూడు టర్నుల్లో మట్టి కరవడం.

రిస్క్ మీ అందరికీ తెలిసిన ఆటే. 1957లో ఫ్రాన్సులో మొదట వచ్చిన బోర్డు గేము. 42 భూభాగాలు, ఆరు ఖండాలు. ఒక ఖండం మొత్తం మన చేతిలో ఉంటే ప్రతి టర్ను మొదట్లో అదనంగా సైన్యం వస్తుంది. అన్నిటికంటే ఎక్కువ ఇచ్చేది ఆసియా, 7. ఒకసారి నాకు పాచికలు ఎదురులేకుండా పడ్డాయి. అప్పటికి ఆసియాలో నాకు నాలుగు చోట్లే ఉన్నాయి, మిగిలిన ఎనిమిదీ ఒకే టర్నులో ఊడ్చేశాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడటం మానేసి మ్యాప్ వంక చూస్తూ ఉండిపోయారు. భయపడ్డారనుకున్నాను. వాళ్లు లెక్కపెట్టుకుంటున్నారు.

ఆ లెక్క ఇది. రిస్క్‌లో ఒక చోటు గెలిచి ముందుకు కదలాలంటే వెనక కనీసం ఒక పావును, అంటే ఒక సైన్యపు బొమ్మను, వదలాలి. ఎనిమిది చోట్లు గెలిస్తే పోరులో చచ్చినవి కాక మరో ఎనిమిది దారిలోనే ఇంకిపోతాయి. పైగా ఆట మనల్ని ఆగనివ్వదు. మనం మూడు పాచికలతో దాడి చేసి, ఎదుటివాడు రెండు పాచికలతో కాచుకుంటే ఒక్కో విసురుకి సగటున మనకి పోయేది 0.92 పావు, ఎదుటివాడికి పోయేది 1.08. దాడికే మొగ్గు ఉంది కదా, ఇంకొక్కటి, ఇంకొక్కటి అనిపిస్తుంది. చివరికి నా దగ్గర పన్నెండు భూభాగాలున్నాయి. పదకొండింట్లో తలా ఒక్క పావు, ఒక్క చోట మాత్రం ఐదారు. ఆసియాకి యూరల్, ఆఫ్ఘనిస్తాన్, మధ్యప్రాచ్యం, సయాం, కమ్చాట్కా అని ఐదు గుమ్మాలు. నాకు ఖండం బోనస్ అందాలంటే మళ్లీ నా టర్ను వచ్చేదాకా ఈ ఐదూ నిలవాలి. ఆ లోపు మరో ముగ్గురి టర్నులున్నాయి. వాళ్లు ఆసియా అంతా గెలవక్కర్లేదు. ఏ ఒక్కరు ఏ ఒక్క గుమ్మం పగలగొట్టినా నా బోనస్ సున్నా.

మన పెద్దవాళ్లు వాపు చూసి బలుపనుకోవద్దంటారు. ఆ రోజు బల్ల మీద ఉన్నది అచ్చంగా వాపు.

అదే బల్ల మీద ఆస్ట్రేలియాలో కూర్చున్నాయన్ని చూడండి. నాలుగు భూభాగాలు, ఒకటే గుమ్మం, బోనస్ 2. ఎవరికైనా దక్కే కనీస సైన్యం మూడుతో కలిపి టర్నుకి ఐదు పావులు వస్తాయి, ఐదూ ఆ ఒక్క గుమ్మంలోనే నిలబడతాయి. నాకు ఆసియా నిలిచివుంటే భూభాగాలకి మూడింటికొకటి చొప్పున నాలుగు, బోనస్ ఏడు, మొత్తం పదకొండు వచ్చేవి. ఐదు గుమ్మాలకి పంచితే గుమ్మానికి రెండు చొప్పున, ఒకటి మిగులు. ఆదాయం చూస్తే నేను గొప్పవాణ్ని, గుమ్మం దగ్గర చూస్తే ఆయన.

"అంటే పెద్ద రాజ్యం ఎప్పుడూ బలహీనమేనా?" అని అడుగుతారు. కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు, నేనూ చాలాకాలం పొరబడ్డాను. గళ్ల కాగితం మీద వేసి చూడండి. మూడు గళ్లు నిలువు, మూడు గళ్లు అడ్డం ఉన్న రాజ్యానికి తొమ్మిది గళ్ల నేల, పన్నెండు అంచుల సరిహద్దు. దాన్ని ఆరు బై ఆరు చేస్తే నేల ముప్ఫయ్యారుకి పెరిగింది, సరిహద్దు ఇరవై నాలుగే అయింది. నేల నాలుగింతలు, కాపలా కాయాల్సిన గీత రెండింతలు. నేలని బట్టే సైన్యం వస్తుందనుకుంటే పెద్ద రాజ్యానికి గీత మీద కాపలా ఒత్తుగా అవ్వాలి, పల్చబడకూడదు. అవే తొమ్మిది గళ్లు ఒక వరసలో పాములా పరిస్తే మాత్రం సరిహద్దు ఇరవై. కాబట్టి ఆకారం ముఖ్యం. కానీ ముద్దగా, చక్కగా పెరిగిన రాజ్యాలు కూడా కూలడం చూస్తాం. ఎందుకంటే నేలని బట్టి సైన్యం వస్తుందన్న మాటలో "ఎప్పుడు" అనేది లేదు.

నేల ఇవాళ వస్తుంది. ఆ నేల ఇచ్చే సైన్యం ఎప్పుడో వస్తుంది. నేను మొత్తం చెప్పదలచుకున్నది ఈ మధ్యలో ఉన్న కాలం గురించే.

యూరోపా యూనివర్సాలిస్ 4 ఆడినవాళ్లకి ఇది అనుభవంతో తెలుసు. 2013లో వచ్చిన కంప్యూటర్ ఆట, 1444 నవంబర్ 11న మొదలవుతుంది. యుద్ధం గెలిచి సంధి సంతకం పెట్టిన క్షణమే ప్రావిన్సులు మన రంగులోకి మారిపోతాయి. అవి ఇంకా మనవి కావు. వాటిని కోర్ చెయ్యాలి, అంటే పూర్తిగా మన రాజ్యంలో కలుపుకోవాలి, దానికి పరిపాలన పాయింట్లు, నెలల తరబడి సమయం కావాలి. అప్పటిదాకా అక్కడి నుంచి పన్నూ మనుషులూ అరకొరగా వస్తారు, తిరుగుబాటు మాత్రం ముందే వస్తుంది. ఓవర్‌ఎక్స్‌టెన్షన్ అని, ఇంకా అరగని నేల ఎంతుందో చెప్పే ఒక అంకె పైకి పాకుతూ ఉంటుంది. అది 100 శాతం దాటితే ఆట వరసగా చెడ్డ కబుర్లు పంపిస్తుంది. ఇంకోపక్క చుట్టుపక్కల దేశాల్లో మన మీద కోపం పోగవుతుంది. ఒక దేశానికి ఆ కోపం 50 దాటిందంటే అది మన మీద కూటమిలో చేరడానికి సిద్ధం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కోపం చల్లారుతుంది. అంటే ఇక్కడ కూడా మనకి కావాల్సింది కాలమే. మింగింది అరిగేలోపు ఇంకో ముద్ద పెట్టుకున్నవాడి గతి ఏమిటో కూటమి చెబుతుంది.

ఇక సైన్యం. ఆ ఆటలో ఒక రెజిమెంటు అంటే నిండుగా ఉంటే 1000 మంది. యుద్ధాల మీద యుద్ధాలు చేసిన రాజ్యంలో మ్యాన్‌పవర్, అంటే సైన్యంలోకి తీసుకోగల మనుషుల నిల్వ, అడుగంటుతుంది. అప్పుడు రెజిమెంట్లు రద్దు కావు, లోపల ఖాళీ అవుతాయి. పొరుగువాడికి ముప్ఫై రెజిమెంట్లని లెక్క చూసి జడుసుకుని, మరో పదేళ్లు ఆగుదామని వెనక్కి తగ్గిన సందర్భాలు నాకున్నాయి. తీరా వివరాల్లోకి వెళ్తే ఒక్కోదాంట్లో మూడు నాలుగు వందల మంది. పైన పటారం, లోన లొటారం. పొరుగు రాజ్యం బలాన్ని తూచేటప్పుడు జెండాల్ని కాదు, తలల్ని లెక్కపెట్టాలి.

డిప్లొమసీ అనే బోర్డు గేములో ఈ ఆలస్యం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1959లో అలన్ కాల్హమర్ విడుదల చేసిన ఆట, ఏడు శక్తులు, మ్యాప్ మీద 34 సరఫరా కేంద్రాలు, 18 పట్టినవాడిదే గెలుపు. పాచికల్లేవు. ఎన్ని కేంద్రాలుంటే అన్ని సైన్యాలు, అన్ని సైన్యాలకీ ఒకటే బలం. వినడానికి చాలా న్యాయంగా ఉంది కదా, నేల పెరిగితే సైన్యం పెరగాల్సిందే. కానీ కొత్త సైన్యాన్ని సొంత దేశంలోని కేంద్రాల్లోనే పుట్టించాలి, అదీ ఆ కేంద్రం ఖాళీగా, మన చేతిలోనే ఉంటే. దూరాన గెలిచిన కేంద్రం కోసం కట్టిన సైన్యం ఇంటి దగ్గర లేస్తుంది, అక్కడ్నుంచి నడుచుకుంటూ రావాలి. అది వచ్చేదాకా ముందున్నది ఒంటరి. ఆ ఆటలో ఒంటరి సైన్యానికి, పక్కవాడి మద్దతుతో బలం పెరిగిన సైన్యానికి మధ్య తేడా ఆడినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

కౌటిల్యుడు రాజమండలం, అంటే రాజు చుట్టూ ఉన్న మిత్ర, శత్రు రాజ్యాల వలయం గురించి చెబుతూ, రాజు ముందుకి దండెత్తినప్పుడు వెనక నుంచి వచ్చిపడేవాడికి పార్ష్ణిగ్రాహుడని పేరు పెట్టాడు. మడమ పట్టుకునేవాడని అర్థం. డిప్లొమసీ బల్ల దగ్గర ఇంతకంటే సరైన మాట నాకు దొరకలేదు. మన మడమ దగ్గర ఎవడున్నాడో చూసుకోకుండా అడుగు ముందుకేస్తే, పట్టేది ఎక్కడో ముందే తెలుసు.

పల్చబడటం ఎంత ఖరీదో చూపించడానికి ఒక్క లెక్క చెబుతాను. గత శతాబ్దం మొదట్లో లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఒక సూత్రం రాశాడు. దూరం నుంచి గురి చూసి కొట్టుకునే పోరులో సైన్యం బలం దాని సంఖ్యకి వర్గంగా, అంటే సంఖ్య రెండింతలైతే బలం నాలుగింతలుగా, పెరుగుతుందని. నా దగ్గర 100 మంది, మీ దగ్గర 75 మంది, అందరూ ఒకటే నాణ్యత. నా వంద మందీ ఒక్కచోట ఉంటే మీ డెబ్బయ్యైదుగురూ పోతారు, నాకు 66 మంది మిగులుతారు. అదే నేను రెండు సరిహద్దుల్లో యాభై యాభైగా పంచానుకోండి. మీరు మొదటి యాభై మందిని ముగిస్తే మీకు 56 మంది దాకా మిగులుతారు. ఆ మిగిలినవాళ్లతో రెండో యాభై మీదకి వెళ్తే వాళ్లూ పోతారు, చివరికి మీకు 25 మంది నిలుస్తారు. నా వందా గోవిందా. ప్రతి ఆటా ఈ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించదు. కత్తియుద్ధం ఉన్న ఆటల్లో ఒకేసారి అందరూ తలపడలేరు, రిస్క్‌లో పాచికల గొడవ వేరు. అయినా సైన్యాన్ని అన్ని గుమ్మాలకీ సమానంగా పంచే నాబోటి మంచివాళ్లకి ఈ లెక్క ఒకసారి చూపించాలి.

ఆటలు తయారుచేసేవాళ్లకి కూడా ఇది పాత తలనొప్పే. తొలినాటి సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆటల్లో సందు దొరికిన చోటల్లా నగరం నాటుకుంటూ పోవడమే గెలుపు దారి. దాన్ని ఆపడానికి మూడో ఆటలో రాజధానికి దూరమయ్యేకొద్దీ అవినీతి మరీ ఎక్కువయ్యేలా చేశారు, 2005లో వచ్చిన నాలుగోదాంట్లో నగరాల నిర్వహణ ఖర్చు పెంచారు, 2010లో ఐదోదాంట్లో రాజ్యం మొత్తానికి ఒకటే సంతోషం మీటరు పెట్టారు. ఆరోదానికి 2018లో వచ్చిన అదనపు భాగంలో విధేయత అని తెచ్చి, దూరాన నాటిన నగరం దానంతటదే పొరుగువాడి వైపు జారిపోయేలా చేశారు. వీటన్నిట్లో నాకు నచ్చింది ఈ చివరిదే. మిగతావి జరిమానాలు, ఇది మాత్రం పొరుగువాడున్నాడని గుర్తుచేస్తుంది. నచ్చనిది కూడా ఒకటి చెప్పాలి. షోగన్ 2 అనే కంప్యూటర్ ఆటలో మన కీర్తి ఒక గీత దాటగానే దాదాపు దేశమంతా మన మీద పడుతుంది. ఉత్కంఠగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ నేను నింపాదిగా, గట్టిగా పెరిగినా, గాలిబుడగలా ఉబ్బినా శిక్ష ఒకటే అయితే ఇక జాగ్రత్తగా పెరగడం దేనికి?

స్మాల్ వరల్డ్ అనే బోర్డు గేము దీన్నంతా తలకిందులు చేసింది. 2009లో వచ్చింది. అందులో మీరు ఒక జాతిని తీసుకుని టోకెన్లు ఉన్నంత మేర పాకుతారు, పల్చబడతారు. ఇది తప్పించుకోలేనిది. అప్పుడు ఒక టర్ను ఖర్చుపెట్టి ఆ జాతిని క్షీణదశలో పెట్టేసి, తర్వాతి టర్నులో కొత్త జాతిని ఎత్తుకుంటారు. పాతవాళ్లు ఒక్కో టోకెనుతో పడివుండి, ఎవరైనా తరిమేదాకా నాణేలు తెస్తూనే ఉంటారు. అతివిస్తరణ అక్కడ నేరం కాదు, ఎప్పుడు వదిలెయ్యాలో తెలియకపోవడం నేరం. పల్చబడ్డ రాజ్యాన్ని చివరి ఊరిదాకా కాపాడుకోవాలనే మొండితనం ఈ ఆట ఆడితే కాస్త వదులుతుంది. నాకు పూర్తిగా వదల్లేదు.

ఇప్పుడు ఎదుటి రాజ్యాల సంగతి. మన చుట్టూ నాలుగు రాజ్యాలున్నాయి, అన్నీ ఉబ్బి ఉన్నాయి, అన్నిటి సైన్యాలూ బక్కచిక్కి ఉన్నాయి. కంప్యూటర్ నడిపే రాజ్యాలతో ఇది తరచుగా జరుగుతుంది, ఎందుకంటే పక్కన బలహీనుడు కనిపిస్తే అవి ఆగవు, ఆ పక్కవాళ్లూ ఆగరు, అందరూ ఒకరినొకరు కొరుక్కుని అలిసిపోతారు. నేనైతే మొదట చూసేది వాళ్ల పెద్ద సైన్యం ఇప్పుడు ఎక్కడుందని. ఎంతుందన్నది తర్వాత. మ్యాప్ ఆ చివర ముట్టడిలో ఇరుక్కున్న నలభై వేలు ఈ చివర నాకు సున్నాతో సమానం, వాళ్లు నడిచొచ్చేదాకా. ఆ తర్వాత అప్పు చూస్తాను. అప్పుల్లో ఉన్న రాజ్యం కొత్త సైన్యం కట్టలేదు. కొత్తగా గెలిచిన నేల ఎంత పాతదో చూస్తాను, నిన్న గెలిచిందైతే ఇవాళే మంచిరోజు, పదేళ్లయిందంటే ఆ వాపు బలుపుగా మారిపోయింది, ఇంకో గుమ్మం వెతుక్కోవాలి.

ఒక మినహాయింపు ఉంది, మర్చిపోతే రిస్క్ ఆడేవాళ్లు కొడతారు. ఒక ఆటగాణ్ని పూర్తిగా తుడిచేస్తే సైన్యంగా మార్చుకునే అతని కార్డులు మనకొస్తాయి. వాటితో కలిపి ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే అప్పటికప్పుడే మార్చి సైన్యం దించాలి. ఇక్కడ నేల, సైన్యం ఒకే టర్నులో వస్తున్నాయి, మధ్యలో ఖాళీ లేదు. అలాంటప్పుడు ఆఖరి పావుదాకా సాగదీసినా తప్పులేదు. సాగదీసేముందు కార్డులు లెక్కపెట్టుకోండి, అంతే.

నా ఆసియా ఏమైందో చెప్పలేదు కదా. ఐరోపాలో ఉన్నాయన యూరల్ గుమ్మం పగలగొట్టాడు. అక్కడితో ఆగితే సరిపోయేది, నా బోనస్ అప్పటికే పోయింది. కానీ ఒక్క పావు కాపలా ఉన్న భూభాగాలు వరసగా కనిపిస్తుంటే ఆయనకీ ఆగబుద్ధి కాలేదు. నేను ఏ దారిలో వచ్చానో అదే దారిలో, ఒక్కో చోట ఒక్కో పావు వదులుతూ, కమ్చాట్కా దాకా వెళ్లాడు. ఆరు టర్నులుగా నోరు మెదపకుండా ఆస్ట్రేలియాలో పావులు పేర్చుకుంటున్నాయన అప్పుడు మెల్లగా సయాంలోకి చెయ్యి చాచాడు. ఆయన ఐరోపా దాకా చేరేసరికి నేను నా పావుల్ని పెట్టెలో సర్దుతున్నాను.