42వ రోజు దాకా

హోస్ట్: నమస్తే. ఈ రోజు మనతో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పల్లెలో ఆశా ఆరోగ్య కార్యకర్తగా పనిచేసే అక్క ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు. అక్కా, పురిటి ఇంటికి వెళ్లగానే ముందు ఏం చేస్తారు?

ఆశా: చేతులు కడుక్కుంటాను చెల్లీ. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడే ఊపిరి లెక్కపెట్టాలి. పొట్ట మీద బట్ట తీసి, వాచీ చూసుకుంటూ నిండా ఒక నిమిషం. 60కి చేరిందంటే టెన్షనే. ఇంకోసారి లెక్కపెడతా. అప్పుడూ అంతే ఉంటే ఇక ఆగేది లేదు, 108కి ఫోన్ చేయడమే. తర్వాత చంకలో థర్మామీటరు, ఉయ్యాల సంచిలో వేసి తూకం. "పసిగుడ్డును తూస్తే దిష్టి తగులుతుంది" అంటుంది నాయనమ్మ. ఆమెను ఒప్పించేసరికి సగం పొద్దు పోతుంది.

హోస్ట్: ఇలా ఎన్నిసార్లు వెళ్లాలి?

ఆశా: ఆసుపత్రి కాన్పయితే ఆరుసార్లు. 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. పండగైనా వానైనా వెళ్లాల్సిందే.

హోస్ట్: జాతీయ ఆరోగ్య మిషన్ లెక్కలో ఈ ఆరింటికీ కలిపి 250 రూపాయలు. ఒక్కోసారికి 42 కూడా పడదు. అదీ జీతం కాదు, "ప్రోత్సాహకం". 2005లో ఆశా పథకం మొదలైనప్పుడే వీళ్లను స్వచ్ఛంద కార్యకర్తలన్నారు. నా గొడవంతా ఆ మాటతోనే.

ఆశా: మన రాష్ట్రంలో 2019 నుంచి నెలకు 10 వేలు ఇస్తున్నారు. అంతకుముందు 3 వేలే. 2025లో గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు కూడా ప్రకటించారు. సంతోషమే. కానీ అది గౌరవ వేతనమే కదా. పీఎఫ్ లేదు, పింఛను లేదు.

హోస్ట్: ఆశాలను కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం ఇవ్వాలని 2013లోనే భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. ఆశాల్లాగే గౌరవ వేతనం మీద పనిచేసే అంగన్‌వాడీ వాళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ మరుసటి నెలే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అవార్డు ఇచ్చింది. అవార్డుతో ఇల్లు గడవదు. వీళ్లు కార్మికులని పార్లమెంటు చట్టంలోనే రాయాలి. జీవోతో వచ్చింది ఇంకో జీవోతో పోవచ్చు. మీ ఎంపీ ఊరికొచ్చినప్పుడు ఈ మాట అడగండి. అక్కా, ఇంకేమైనా చెబుతారా?

ఆశా: లేదమ్మా, వెళ్లాలి. రెండు కిలోల లోపు పుట్టిన బిడ్డ ఒకడున్నాడు. ఇవాళ్టికి 14వ రోజు. తూకం పెరిగిందో లేదో చూడాలి.