బండి ఆగితే ఎవరి కాళ్లు ఆగుతాయి?

అందరికీ నమస్కారం. కరోనా వచ్చాక జనం బస్సులూ పాసింజరు బండ్లూ ఎక్కడం తగ్గించేశారని అంటుంటారు, నిజమే గానీ తగ్గించుకోగలిగినవాళ్లే తగ్గించుకున్నారు, మిగతావాళ్ల సంగతి ఎవరూ అడగలేదు, నా బాధంతా అదే.

ఒడిశాలోని మన బరంపురానికీ ఆంధ్రలోని ఇచ్ఛాపురానికీ మధ్య సుమారు 25 కిలోమీటర్లు. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉందని మామూలు రోజుల్లో ఎవరికీ గుర్తే ఉండదు. బరంపురంలోని ఎం.కె.సి.జి. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే రోగులు, ఇక్కడ సరుకు కొనుక్కెళ్లే చిన్న వ్యాపారులు, అటూ ఇటూ వియ్యాలందుకున్న కుటుంబాలు, వీళ్లందరికీ 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే ఆ సరిహద్దు ఒక్కసారిగా కనబడింది. మే నెలలో సూరత్ నుంచి మన గంజాం జిల్లా కూలీలు వలస కార్మికుల కోసం వేసిన శ్రామిక్ రైళ్లలో జగన్నాథపూర్ స్టేషన్‌లో దిగితే, బస్సులు పెట్టి పల్లెల్లోని క్వారంటైన్ కేంద్రాలకు చేర్చారు. అంటే తలచుకుంటే జాగ్రత్తగా బండి నడపొచ్చన్నమాటే కదా! మరి వారంవారం డయాలసిస్‌కు రావాల్సిన మనిషికి ఆ ఏర్పాటు ఎందుకు ఉండకూడదు?

తర్వాత బస్సులు కదిలినా సీట్లు నిండక డీజిల్ ఖర్చు రాలేదు, యజమానులు ట్రిప్పులు తగ్గించారు, గంటసేపు నిలబడలేక జనం వాయిదాల మీద బైకులు కొన్నారు, కొన్నాక మళ్లీ బస్సెందుకు ఎక్కుతారు? కానీ ఇంటికి ఒక్కటే బైకు, అది మగవాడు తీసుకెళ్తాడు. ఇళ్లలో పనికెళ్లే ఆడవాళ్లూ కాలేజీ పిల్లలూ షేర్ ఆటోలో ఇరుక్కుని ఎక్కువ డబ్బులిచ్చుకోవాల్సిందే. దూరం పాటించమని చెప్పినవాళ్లు ఆ ఆటో వెనక సీటు చూడలేదు.

రైలు సంగతి ఇంకా కష్టం. పాసింజరు బండ్లను ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని మార్చి, 10 రూపాయల కనీస టికెట్టును 30 చేశారు. పాత ఛార్జీ మళ్లీ రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. 2020 మార్చిలో తీసేసిన వృద్ధుల రాయితీని ఏళ్లు గడిచినా తిరిగి ఇవ్వలేదు.

వైరస్ ముఖ్యంగా గాలిలో పాకేదైనా, మనం సీట్లు కడగడంలోనే ఎక్కువ టెన్షన్ పడ్డాం. ఇలాంటి రోగం మళ్లీ వస్తే, కిటికీలు తెరిచి, మాస్కులు పెట్టించి, సగం సీట్లతో నడిపే బస్సుకు ఆ నష్టం ప్రభుత్వమే భరించాలి. ఆసుపత్రి దారిలో తిరిగే బస్సుల జాబితా ఇప్పుడే రాసిపెట్టాలి, ఇచ్ఛాపురం వైపువి కూడా అందులో ఉండాలి, రోగులకిచ్చే ప్రయాణ పాసులు రెండు రాష్ట్రాల్లోనూ చెల్లేలా గంజాం, శ్రీకాకుళం కలెక్టర్లు ముందే మాట్లాడుకోవాలి.